ట్రిగ్గర్ నొక్కనక్కర్లేని పిస్తోలు

రోండా ప్రూట్ చనిపోయి నలభై గంటలు దాటింది. సాయంత్రం నాలుగింటికి, చావుకి కారణం తేల్చే కరోనర్ సంతకం పెడితే అది ప్రమాదం అయిపోతుంది. రేపు పొద్దున్నే దహనం. ఆ తర్వాత నా దగ్గర ఎన్ని ప్రశ్నలున్నా జవాబు చెప్పడానికి శవం కూడా ఉండదు. గురువారం, ఉదయం పదీ ఇరవై. మోకాలు తెల్లవారుజాము నుంచే సలుపుతోంది.

నా పేరు జానిస్ ట్రస్కాట్. మార్లో కౌంటీ షెరీఫ్ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళుగా డిటెక్టివ్‌ని. పిస్తోలు తుడుచుకుంటూ చచ్చిపోయినవాళ్ళ ఫైళ్ళ మీద ఇప్పటికి తొమ్మిది సంతకాలు పెట్టాను. ఇది పదోది అనుకున్నాను. తూటాలుండే మేగజీన్ తీసేసింది, లోపల ఒక తూటా మిగిలిందని మర్చిపోయింది, విప్పడానికి ట్రిగ్గర్ నొక్కింది, అది గుండెలో దిగింది. మా లెఫ్టినెంట్ బ్రెంట్ హోలిస్ రాసిన రిపోర్టు ఇంతే. చదివి తలాడించాను. ఎందుకంటే ఆదివారం ఆదివారం మా వంటింటి బల్ల మీద నేను చేసేదీ అదే. మా ఆఫీసులో అందరికీ ఇచ్చే పిస్తోలు పైభాగాన్ని స్లైడ్ అంటాం. అది ఊడిరావాలంటే ముందు ఖాళీ చేసి, ఖాళీ అయిందని రెండుసార్లు చూసుకుని, చివరికి ట్రిగ్గర్ నొక్కాలి.

పొద్దున ఏడింటికి హెట్టీ స్ట్రోబెల్ ఫోన్ చేసి ఉండకపోతే నేనింకా తలాడిస్తూనే ఉండేదాన్ని.

హెట్టీకి డెబ్బై ఒకటి. ఈ కౌంటీలో మొదటి పిస్తోలు కొన్న ఆడవాళ్ళలో సగం మందికి చెయ్యి పట్టి నేర్పింది ఆవిడే. గురువారం ఆవిడ ఫైరింగ్ రేంజికి సెలవు. లోపల దీపాలు సగమే వెలుగుతున్నాయి. కౌంటరు మీద పచ్చగుడ్డ పరిచి నాలుగు పిస్తోళ్ళు పెట్టింది, అన్నీ తెరిచినవే, అన్నిటి మూతులూ గోడవైపే.

"కూర్చో పిల్లా. నువ్వు నిలబడి అడిగితే నాకు మెడనొప్పి" అంది.

కూర్చున్నాను. ఆవిడ పిస్తోళ్ళ వరస సరిచేసింది.

"ప్రమాదమని రాసుకుంటే రాసుకోండి. రేంజి మూసెయ్యమంటే మూసేస్తాను. నాకు ఒక్కటి చెప్పు. ఆ పిల్ల నేను నేర్పింది సరిపోక చచ్చిపోయిందా? రెండు రాత్రులై నిద్ర లేదు. నేర్పిందంతా మళ్ళీ మళ్ళీ తలుచుకుంటున్నాను, ఎక్కడ వదిలేశానా అని."

"అది చెప్పాలంటే నాకు మొదట్నించీ తెలియాలి. మొదటి రోజు ఆమెని ఏం అడిగారు?"

"అందరినీ అడిగేదే. ఎందుకమ్మా ఇది, ఆటకా, భయానికా అని. భయానికే అంది. ఎవరంటే భయం అన్నాను. చెప్పలేదు. పోలీసులకి చెప్పుకోరాదా అంటే, చెప్పి లాభం లేదంది."

రాసుకున్నాను. ఈ ఉద్యోగంలో ఆ మాట వందసార్లు విన్నాను. ఆడవాళ్ళు అనేదే కదా అనుకుని మరో ప్రశ్న వెయ్యలేదు.

"పిస్తోలు ఎవరు ఎంచారు?"

"తనే. నేను ఎంచను. మొగాళ్ళు వస్తారు చూడు, భార్యకని బుల్లిది, గులాబీ రంగుది కొనుక్కుపోతారు. చిన్న చేతికి చిన్నది చాలని. బుల్లిది ఎంత గట్టిగా తంతుందో వాళ్ళకేం తెలుసు, కాల్చేది వాళ్ళు కాదుగా." హెట్టీ మొదటి పిస్తోలు పక్కకి జరిపింది. "ఇది రెండుసార్లు పేల్చింది, అరచెయ్యి మండుతోందని పెట్టేసింది. ఇది రివాల్వరు. ట్రిగ్గర్ బరువు. నొక్కేసరికి మూతి నేలకి దిగిపోయేది. ఇదిగో, మూడోది మీవాళ్ళ పిస్తోలు. దీంతో బాగా కొట్టింది. పది తూటాలూ నా అరచెయ్యంత చోట."

"మరి ఇదెందుకు కొనలేదు?"

"విప్పడం చూపించాను. చివర్లో ట్రిగ్గర్ నొక్కాలి అన్నాను. ఠక్కున వెనక్కి పెట్టేసింది. ఇంట్లో కూర్చుని నా అంతట నేను ట్రిగ్గర్ నొక్కాల్సిన పిస్తోలు నాకొద్దు, ఎప్పుడో ఒకనాడు మతి తప్పుతాను అంది. నలభై ఏళ్ళుగా నేర్పుతున్నాను, మొదటి రోజే అంత తెలివిగా మాట్లాడినవాళ్ళు ముగ్గురో నలుగురో."

నాలుగోది చేతిలోకి తీసుకుంది. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, పక్కనే నిటారుగా ఉంది. "ఇది కొంది. చూడు. ముందు స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి ఆపాలి. ఆపితేనే ఈ మీట తిరుగుతుంది. వెనక్కి లాగావా, లోపలున్న తూటా ఎగిరి బయట పడుతుంది. పడకపోయినా కంటికి కనబడుతుంది. మీట తిప్పు, స్లైడ్ ముందుకి జారి ఊడి వచ్చేస్తుంది. ట్రిగ్గర్ జోలికి పోయే పనే లేదు. ఇక పేలేదేది?"

అడిగి చేతిలోకి తీసుకున్నాను. మూడుసార్లు విప్పాను. ఆవిడ చెప్పిందే నిజం. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇలాంటిది నేను విప్పడం ఇదే మొదలు. సిగ్గేసింది.

"ఇంకోటి. ఆ పిల్ల దగ్గర తుడిచే సామానే లేదు. మొదటి ఆర్నెల్లు నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఇంట్లో తుడవడానికి వీల్లేదు. ఇదిగో ఈ బల్ల దగ్గరే, నా కళ్ళెదుట. రోండా వచ్చి అయిదు వారాలు. శనివారం తుడిచింది."

"ఆమె విప్పడం చూసిన సాక్షి ఎవరైనా ఉన్నారా? మీరు కాకుండా."

"నేనెందుకు, కెమెరా ఉంది. పాఠం చెప్పేటప్పుడు చేతులు వీడియో తీస్తాను. తర్వాత చూపిస్తే ఎవరి తప్పు వాళ్ళకే తెలుస్తుంది. ఆరుసార్లు విప్పింది. ఒక్కసారి కూడా వేలు లోపలికి పోలేదు. కాని అందులో మిగతావాళ్ళ పాఠాలూ ఉన్నాయి. మా కంప్యూటరు చూసే ఆవిడ మూడింటికి వస్తుంది, రోండాది ఒక్కటీ వేరుచేసి ఇస్తాను."

ఉన్నపళంగా ఆ కెమెరా చంకన పెట్టుకుని రావాల్సింది. రసీదు రాయాలి, కాగితం కోసం కారుదాకా నడవాలి, మోకాలు వద్దంది. మూడింటికి వస్తానన్నాను.

"హెట్టీ, మీ తప్పేం లేదు" అన్నాను లేస్తూ.

"నువ్వు మంచిదానివి, అలాగే అంటావు. చచ్చిపోయింది నా శిష్యురాలు. ఆ మాట మారదుగా" అంది.

రోండా ఇంటికి చేరేసరికి పదకొండూ యాభై. ఇల్లు చిన్నది, నేల కింద ఒక గది. అక్కడే బట్టలుతికే మిషనూ, గోడకానించి పొడుగాటి చెక్కబల్లా. ఆమె పడిన చోట సిమెంటు ఇంకా నల్లగానే ఉంది. మెట్లు దిగేచోట కాగితం అంటించి ఉంది, ఆమె చేతి రాతే. "తూటాలు పైన. మనిషి కింద." ఎదురు గోడకి పాత నిఘంటువులు దొంతరగా పేర్చిన అలమర, దాని ముందు అట్ట మీద నాణెమంత నల్లచుక్క. రోజూ పదినిమిషాలు ఖాళీ పిస్తోలుతో గురి చూసుకునే చోటు ఇది. పొరపాటున పేలినా పుస్తకాల్లో దిగాలని ఆ ఏర్పాటు. పైకి వెళ్ళి వెతికితే తూటాల పెట్టె వంటింట్లో రొట్టెల డబ్బాలో దొరికింది. హెట్టీ చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి. తూటాలు నింపిన మేగజీను మాత్రం కింద బల్ల మీద ఉన్నట్టు రిపోర్టుకి జతచేసిన ఫొటోలో ఉంది.

బల్ల మీద తుడిచే సామాను అలాగే ఉంది. ప్రమాదం అనుకున్నారు కాబట్టి ఎవరూ తీసుకెళ్ళలేదు. నూనె సీసా, గుడ్డపీలికలు, గొట్టంలో దూర్చే తీగల బ్రష్షు. బ్రష్షు వెలుతురులో పెట్టి చూశాను. వాడి వాడి కుచ్చు నల్లబడింది. సామానే లేని మనిషి ఇంట్లో ఇంత పాత బ్రష్షు. దాని మొదట్లో నంబరు కొట్టి ఉంది, నలభై. రోండా పిస్తోలు గొట్టం తొమ్మిది మిల్లీమీటర్లు. ఇది పది మిల్లీమీటర్లకి, అంతకంటే లావు రకానిది. నలభై రకం పిస్తోళ్ళు ఈ కౌంటీలో వందలున్నాయి. మా అందరి నడుముకీ ఉన్నది కూడా అదే.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. బ్రష్షు సంచీలో వేసి కోటు జేబులో పెట్టుకున్నాను. ఎవరొచ్చినా దీని మీద గంటసేపు వాదించే ఓపిక లేదు.

బ్రెంట్ హోలిస్ దిగాడు. పన్నెండూ నలభై. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు. పదేళ్ళ కిందట నా దగ్గరే పని నేర్చుకున్నాడు, జనవరి నుంచి నాకు పై అధికారి. ఆర్డర్లు వేసేటప్పుడు కూడా మీరు అనే అంటాడు, అదొక మర్యాద.

"జానిస్, ఈ కేసు మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. దారిలో ఉంది కదాని ఆగాను."

"ప్రమాదమని రాశాను."

"చదివాను. దస్తూరీ బాగుంది."

నవ్వలేదు. "మీకు ఇంట్లో కూర్చుని మోకాలికి కాపడం పెట్టుకోవాల్సిన వయసు. ఇక్కడ చీకట్లో వెతుకుతున్నారు. ఏం దొరికింది?"

"తూటాలు పైన పెట్టుకునే మనిషి, కింద నిండు మేగజీనుతో దొరికింది."

"మనుషులు నియమాలు తప్పుతారు. మీరు తొమ్మిది ఫైళ్ళ మీద అదేగా రాశారు."

దెబ్బ సరిగ్గా తగిలింది. తొమ్మిదీ గుర్తున్నాయి నాకు, పేర్లతో సహా.

"ఆ తొమ్మిదింట్లో ట్రిగ్గర్ నొక్కాల్సిన పని ఉంది. ఇందులో లేదు బ్రెంట్."

"అంటే?"

"ఆమె పిస్తోలు విప్పడానికి ట్రిగ్గర్ నొక్కనక్కర్లేదు. మనకి తెలీదు. ఏళ్ళ తరబడి ఒకే రకం విప్పి విప్పి, ప్రపంచంలో అన్నీ అంతే అనుకున్నాం. నువ్వు రాశావు, నేను తలాడించాను. ఇద్దరం గాడిదలమే."

మాటకి మాట అప్పజెప్పే మనిషి, బల్లవైపు చూస్తూ నిలబడ్డాడు. పై అధికారి కదా, తప్పు పట్టుకున్నందుకు ముఖం చెల్లలేదనుకున్నాను. లోపల కాస్త సంతోషం కూడా కలిగింది, దాచుకోవడమెందుకు.

"అలవాటుకొద్దీ నొక్కి ఉండొచ్చు. రోజూ ఖాళీగా నొక్కుతూనే ఉంటుందిగా" అన్నాడు చివరికి.

"హెట్టీ దగ్గర వీడియో ఉంది. ఆరుసార్లు విప్పింది, వేలు ఒక్కసారి కూడా లోపలికి పోలేదు."

"చూశారా?"

"మూడింటికి ఇస్తుంది."

"సరే. నాలుగులోపు తెండి. అందులో ఏదైనా ఉంటే కరోనర్‌తో నేనే మాట్లాడతాను." మెట్లెక్కబోతూ ఆగాడు. "ముసలావిడ బాగా దిగులు పడుతోందటగా?"

"తప్పు తనదేనని కుమిలిపోతోంది. రెండు రాత్రులై నిద్రలేదట."

"పాపం" అన్నాడు. పైన తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళాడు.

రోండా అన్న ఎమెట్ ప్రూట్ స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్. చెల్లెలు పోయి రెండు రోజులైనా పనికి వచ్చాడు, ఇంట్లో ఉండలేక. ఒకటీ ముప్ఫైకి వెళ్ళాను. చేతులు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. బల్ల మీద దహనం కాగితాలున్నాయి, ఇంకా సంతకం పెట్టలేదు.

"ఇంత తొందరెందుకు ఎమెట్?"

"ఆ ఆఫీసరే అన్నాడు మేడమ్. ఆలస్యం చేస్తే మీకే బాధ అని."

"మంగళవారం ఏం జరిగిందో ఇంకొక్కసారి చెప్పండి. టైములతో."

"మంగళవారం మంగళవారం బీన్స్ సూపు తీసుకెళ్తాను. ఇద్దరం కలిసి తింటాం. తలుపు నా తాళంతోనే తీశాను. పిలిస్తే పలకలేదు. కింద లైటు వెలుగుతోంది. నాలుగు మెట్లు దిగాను, కాళ్ళు కనబడ్డాయి, రక్తం కనబడింది. పైకి పరిగెత్తాను. అప్పుడు ఆరూ నలభై, పొయ్యి మీది గడియారం చూశాను. అదెందుకు చూశానో తెలీదు."

"ఫోన్?"

"వెంటనే. వాకిట్లో నిలబడి మాట్లాడుతుండగానే ఆఫీసరు కారు వచ్చి ఆగింది. ఇంకా ఫోన్ పెట్టెయ్యలేదు నేను. అంత త్వరగా వచ్చారు, ఆ మాట మాత్రం చెప్పాలి."

హోలిస్ రిపోర్టులో చేరిన టైము ఆరూ యాభై ఎనిమిది. మా ఆఫీసు నుంచి ఆ ఇంటికి పదిహేడు నిమిషాలు.

"ఎవరా ఆఫీసరు?"

"హోలిస్. భుజం పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టాడు. విప్పడానికి ట్రిగ్గర్ నొక్కి ఉంటుంది, లోపల తూటా మర్చిపోయి ఉంటుంది, బాధ తెలియకుండానే పోయింది అన్నాడు. ఆ మాటతోనే కాస్త నిలదొక్కుకున్నాను."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. "కిందికి వెళ్ళి చూసొచ్చాక అన్నాడా ఈ మాట?"

ఎమెట్ ఆలోచించాడు. తొందరపడని మనిషి. "లేదు. వెళ్ళకముందు. నన్ను కూర్చోబెట్టాకే కదా కిందికి వెళ్ళింది."

"మీరు ఫోన్లో పిస్తోలు అన్నారా?"

"నేను పిస్తోలు చూడనేలేదు మేడమ్. చెల్లెలు పడిపోయింది, రక్తం అన్నాను, అంతే. దాని దగ్గర పిస్తోలుందని నాకు ఆయన చెప్పేదాకా తెలీదు. నాతో ఒక్కమాట అనలేదు."

ఆ మాట రాసుకుని కింద గీత పెట్టాను. అడగాల్సింది ఇంకొకటి ఉంది. "హోలిస్‌కి మీ చెల్లెలు ముందే తెలుసా?"

"తెలియకేం. మార్చిలో గరాజు తాళం పగలగొట్టారని రిపోర్టిస్తే వచ్చింది ఆయనే. ఎంత మంచివాడంటే, ఆ తర్వాత కూడా ఎలా ఉందో చూసిపోదామని వస్తుండేవాడు. ఒక్కోసారి ఇంటి ఎదురుగా కారులో గంటసేపు కూర్చునేవాడు, కాపలాగా. నేనే రోండాతో అన్నాను, నీ అదృష్టమే, ఇంతగా ఎవరు పట్టించుకుంటారు అని."

"ఏమంది?"

"లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది."

చెప్పి లాభం లేదంది. ఎవరికి చెప్పుకోవాలో వాడే వచ్చి గుమ్మం ఎదుట కూర్చుంటే ఏ ఆడది మాత్రం ఏం చెప్పుకుంటుంది. ఆ మాట పొద్దున పదిన్నరకే నా పుస్తకంలో రాసి ఉంది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. అడగలేదు సరికదా, వీడియో ఎవరి దగ్గరుందో, ఎన్నింటికి చేతికొస్తుందో, దాన్ని దాచుకున్న ముసలావిడ ఎంత దిగులుతో ఉందో అన్నీ వివరంగా అతని చేతికి నేనే అందించాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఒకటీ యాభై అయిదు. హెట్టీ రేంజికి ఫోన్ కొట్టాను. ఇక్కడి నుంచి పద్నాలుగు మైళ్ళు. అయిదోసారి మోగాక తీసింది.

"హెట్టీ, జానిస్‌ని. తలుపులు వేసుకోండి. ఎవరొచ్చినా తియ్యకండి."

"ఇప్పుడు చెప్తే ఎలా పిల్లా, నువ్వు పంపిన ఆయన వచ్చి పావుగంటైందిగా. పెద్దమనిషిలా ఉన్నాడు. కెమెరా ఇచ్చేశాను."

ఎమెట్ ముందున్న కాగితం లాక్కుని వెనకవైపు పెద్ద అక్షరాలతో రాశాను. స్టేట్ పోలీసులకి ఫోన్ చెయ్యి, మా ఆఫీసుకి వద్దు. కింద రేంజి అడ్రసు. చదివి అతను గోడకున్న ఫోన్ దగ్గరకి ఒక్క అంగలో వెళ్ళాడు.

"అతనెక్కడున్నాడు?"

"కారు దగ్గరకి వెళ్ళాడు. రోండా పిస్తోలు తెచ్చాడట, దాన్ని విప్పి చూపించమన్నాడు. తుడిచే బల్ల దగ్గర కూర్చోమన్నాడు, ఆ బల్ల దగ్గరి ఫోనే ఇది."

"హెట్టీ, నా మాట వినండి. లేచి వెళ్ళి తలుపు గడియ వెయ్యండి. ఇప్పుడే."

"ఆగు, ఈ ఒక్క ముక్కా పూర్తి చెయ్యనీ. కరోనర్‌కి కావాలట, నా చేత్తో రాసిందే కావాలన్నాడు."

"ఏం రాయమన్నాడు?"

"తప్పు నాదేనని. ఇది మోస్తూ బతకలేనని. ఆయనే చెప్పాడు మాటలు, కాని నేను రెండు రోజులుగా అనుకుంటున్నవే పిల్లా, అబద్ధమేం లేదు. సంతకం కూడా పెట్టేశాను."

"హెట్టీ, గడియ."

"వచ్చేశాడుగా" అంది. ఆవిడ వెనకాల తలుపు మూసుకుంది, ఆ తర్వాత పిస్తోలు స్లైడ్ వెనక్కి లాగి వదిలిన చప్పుడు వినబడింది.